ఐసీయూ నుంచి ఇంటికొచ్చాక... ఆ భయం ఎందుకు పోదు?

ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉండి, అందులో తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద గడిపిన మనిషి ఇంటికొస్తే చుట్టాలంతా వచ్చి చూసిపోతారు. 'ఇది నీకు పునర్జన్మరా' అంటారు. మొక్కు ఉంటే వెంటనే తీర్చుకోమంటారు. యాపిల్ పళ్లు, హార్లిక్స్ సీసా టీపాయ్ మీద పెట్టి వెళ్తారు. ఇంట్లోవాళ్లకి అసలు పరీక్ష ఆ తర్వాత మొదలవుతుంది. రాత్రి లైటు తీస్తానంటే ఆయన ఒప్పుకోడు. కళ్లు మూస్తే ఊపిరి ఆగిపోతుందేమోనని మంచం మీద కూర్చునే ఉంటాడు. వంటింట్లో మైక్రోవేవ్ కూత పెట్టినా, వీధిలో కారు రివర్స్ చేస్తున్న చప్పుడు వినిపించినా ఉలిక్కిపడతాడు. చెకప్‌కి వెళ్లాల్సిన రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటాడు. రిపోర్టులు చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. 'అన్నీ నార్మలే కదా, ఇంకా ఏంటి నీ బాధ?' అన్న విసుగు ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి నోట్లోంచి వచ్చేస్తుంది.

ఈ బాధకి వైద్యంలో ఒక పేరుంది. ఇంటెన్సివ్ కేర్ నుంచి బయటపడ్డవాళ్లలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు వేధించే ఇబ్బందులన్నిటినీ కలిపి అమెరికాలోని క్రిటికల్ కేర్ నిపుణులు 'పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్' అన్నారు. పొట్టిగా పిక్స్. 2010లో జరిగిన ఒక సమావేశంలో ఈ మాట పుట్టింది, 2012లో వైద్య పత్రికకి ఎక్కింది. ఒంట్లో సత్తువ లేకపోవడం, మతిమరుపు, మనసు కుదురుగా లేకపోవడం... మూడూ ఇందులోవే. రకరకాల దేశాల్లో చేసిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే, ఐసీయూ నుంచి బయటపడ్డ మొదటి ఏడాదిలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఆందోళన లక్షణాలు కనిపిస్తున్నాయి. ఆ భయంకర అనుభవం మళ్లీ మళ్లీ కళ్లముందు తిరిగే స్థితి, అంటే పీటీఎస్‌డీ లక్షణాలు, సుమారు ఐదుగురిలో ఒకరికి ఉంటున్నాయి. అంటే మీ ఇంట్లో మనిషి వింతగా ప్రవర్తించడం లేదు. పిరికివాడూ కాదు.

జరగనివి గుర్తుంటాయి

చిత్రమేమిటంటే, వీళ్లు భయపడేది చాలాసార్లు అసలు జరిగినదానికి కాదు. జరగనిదానికి.

జ్వరం తలకెక్కి మాట్లాడుతుంటే మన పాతవాళ్లు 'సంధి కొట్టింది' అనేవాళ్లు. 'సంధి ప్రేలాపనలు' అన్న మాట అక్కడిదే. డాక్టర్లు డెలీరియం అనేది దాన్నే. ఇన్ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, లివర్, కిడ్నీలు దెబ్బతినడం, మత్తుమందులు, నిద్ర లేకపోవడం... వీటన్నిటితో మెదడు కొన్నాళ్లు అదుపు తప్పుతుంది. అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వైద్యులు 821 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఆస్పత్రిలో ఉండగా నూటికి 74 మందికి డెలీరియం వచ్చింది. ఇది అందరిలోనూ కేకలు, పెనుగులాటల్లా ఉండదు. కదలకుండా, మాట్లాడకుండా, శూన్యంలోకి చూస్తూ పడుకున్న రోగికీ లోపల సంధి నడుస్తూ ఉండొచ్చు. 'ఇవాళ మీ నాన్నగారు చాలా ప్రశాంతంగా ఉన్నారు' అని మనకి చెప్పిన రోజు ఆయన లోపల ఏ అడవిలో పరిగెడుతున్నాడో ఎవరికి తెలుసు!

ఆ స్థితిలో మెదడు ఒక పని చేస్తుంది. ఒంటికి తగులుతున్నదాన్ని తీసుకుని దానికి ఏదో ఒక కథ అల్లుతుంది. గొంతులో పైపులోంచి కఫం లాగుతుంటే ఒక్క క్షణం ఊపిరాడదు. 'ఎవరో గొంతు పిసికారు' అని గుర్తుండిపోతుంది. పైపులు పీకేసుకోకుండా చేతులు మంచానికి కడితే 'కిడ్నాప్ చేసి కట్టేశారు' అవుతుంది. స్కానింగ్‌కి తోసుకెళ్తే 'రైల్లో ఎక్కడికో తీసుకుపోయారు' అవుతుంది. మూత్రం పైపు వేయడం కొందరి మనసులో అత్యాచారంగా ముద్రపడుతుంది. ఈ ఒక్కదాన్ని ఆడవాళ్లు ఎవరికీ చెప్పుకోలేక ఎంత నలిగిపోతారో ఆలోచించండి. గోడల మీద పురుగులు పాకడం, నర్సు విషం ఎక్కిస్తోందనుకోవడం, చనిపోయిన అమ్మ వచ్చి మంచం పక్కన కూర్చోవడం... ఇవి దేశం ఏదైనా రోగులు చెప్పే సంగతులే.

మామూలు కల పొద్దున లేచేసరికి చెదిరిపోతుంది. ఇవి అలా పోవు. నెలలు గడిచినా నిన్ననే జరిగినంత స్పష్టంగా ఉంటాయి. పైగా 'పిచ్చి పట్టిందనుకుంటారేమో' అని చాలామంది వీటిని నోరెత్తి చెప్పరు. భార్యకి కూడా చెప్పరు. తనను చంపబోయిందనుకున్న నర్సు ఉన్న ఆస్పత్రికి చెకప్‌కి రమ్మంటే కడుపునొప్పి రాక ఏం చేస్తుంది?

ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ దగ్గర విస్టన్ ఆస్పత్రిలో క్రిస్టీనా జోన్స్ అనే పరిశోధకురాలు ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2001లో ఆమె బృందం గమనించింది ఇదీ: ఐసీయూలో నిజంగా జరిగిన సంగతులు, అవి ఎంత బాధాకరమైనవైనా సరే, కొన్నైనా గుర్తున్నవాళ్లు కాస్త నయం. నిజమైన జ్ఞాపకం ఒక్కటీ లేకుండా భ్రమలు మాత్రమే మిగిలినవాళ్లలోనే ఆందోళన, పీటీఎస్‌డీ లక్షణాలు ఎక్కువ. నొప్పి కంటే ఖాళీ ఎక్కువ బాధిస్తోందన్నమాట. ఎనిమిది రోజులు మాయమైపోయాయి, ఆ ఖాళీలో పీడకలలు కూర్చున్నాయి. వాటిని లేవగొట్టాలంటే అక్కడ నిజాన్ని కూర్చోబెట్టాలి.

మన ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. 'అవన్నీ ఇప్పుడెందుకు, మర్చిపో' అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ గుర్తులేనిదాన్ని మర్చిపోవడం ఎలా?

ఆ మంచం మీద ఏం జరుగుతుందంటే

ఐసీయూలో రాత్రీ పగలూ ఒకటే వెలుతురు. కిటికీ ఉండదు, ఉన్నా పరదా ఉంటుంది. మానిటర్లు మోగుతూనే ఉంటాయి. రక్తం తీయడానికో, ఒళ్లు తిప్పడానికో గంటకోసారి లేపుతారు. కళ్లజోడు, కట్టుడు పళ్లు, చెవి మిషను తీసి సంచిలో పెట్టి ఇంటివాళ్లకి ఇచ్చేస్తారు. అసలే చూపు ఆనని ముసలాయనకి ఎదురుగా ఉన్నది సెలైన్ స్టాండో మనిషో తెలియదు. గొంతులో పైపు ఉంటే మాట రాదు. పట్నం ఆస్పత్రుల్లో నర్సుకి వచ్చింది మలయాళమో హిందీనో అయి, పల్లె నుంచి వచ్చిన పెద్దమ్మకి తెలుగు తప్ప రాకపోతే ఇక చెప్పక్కర్లేదు. ఆ అమ్మాయిల తప్పేం లేదు, ఎంత ఓపిగ్గా చేస్తారో చూసినవాళ్లకి తెలుసు. కానీ 'అమ్మా, ఇప్పుడు సూది వేస్తున్నా, కాస్త చురుక్కుమంటుంది' అన్న ఒక్క మాట సొంత భాషలో వినపడటానికీ వినపడకపోవడానికీ చాలా తేడా ఉంటుంది.

మత్తులో ఉంచితే ఇవేవీ తెలియవు కదా, అదే మేలు కదా అనిపిస్తుంది. డాక్టర్లూ చాలాకాలం అలాగే అనుకున్నారు. 2000లో షికాగోలో జాన్ క్రెస్ బృందం వెంటిలేటర్ మీదున్న 128 మందితో ఒక పరీక్ష చేసింది. సగం మందికి రోజుకోసారి మత్తు ఆపి, మెలకువ తెప్పించి చూశారు. వాళ్లు వెంటిలేటర్ మీద గడిపిన కాలం సగటున 4.9 రోజులు, మిగతావాళ్లది 7.3 రోజులు. మెలకువ తెప్పిస్తే ఆ భయం మనసులో నాటుకుంటుందేమోనని తర్వాత కొందరిని పిలిచి మళ్లీ పరీక్షిస్తే, మెలకువ తెప్పించినవాళ్లలోనే పీటీఎస్‌డీ లక్షణాలు తక్కువగా కనిపించాయి. ఇప్పుడు మంచి ఐసీయూల్లో వీలైనంత తక్కువ మత్తు, రోజూ మెలకువ, పైపులున్నా సరే త్వరగా మంచం మీద కూర్చోబెట్టడం, రాత్రిళ్లు లైట్లు తగ్గించడం... ఇదే పద్ధతి. 'మా మనిషిని పూర్తిగా నిద్రపుచ్చండి డాక్టర్, బాధపడుతుంటే చూడలేకపోతున్నాం' అని అడగబోయే ముందు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

ఐసీయూ పుట్టిన కథ కూడా ఒకసారి చెప్పుకోవాలి. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి కండరాలు చచ్చుబడి పిల్లలు చనిపోతున్నారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు 12 ఏళ్ల పాప గొంతుకి రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపించి బతికించాడు. అన్ని మంచాలకి యంత్రాలు లేవు. దాంతో దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు షిఫ్టుల్లో కూర్చుని, రోగుల కోసం రాత్రింబవళ్లు ఆ సంచులు నొక్కారు. నొక్కుతూ పిల్లలకి కథలు చదివి వినిపించారు, వాళ్లతో ఆడారు. మరుసటి ఏడాది అక్కడే మొదటి ఐసీయూల్లో ఒకటి వెలిసింది. అంటే ఈ వైద్యం పుట్టినప్పుడు ప్రతి మంచం పక్కనా ఒక మనిషి ఉన్నాడు. తర్వాత ఆ చోట్లోకి యంత్రం వచ్చింది, మనిషి గాజు తలుపు అవతలకి వెళ్లిపోయాడు.

ఆ తలుపు కాస్త ఎక్కువసేపు తెరిస్తే? బ్రెజిల్‌లో 36 ఐసీయూల్లో చూశారు. రోజుకు గంటో గంటన్నరో కాకుండా 12 గంటల వరకూ ఇంటివాళ్లని ఉండనిచ్చారు. 2019లో ఫలితాలు వచ్చాయి. రోగులకి డెలీరియం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఉన్నమాట చెప్పుకోవాలి. కానీ ఇంటివాళ్లలో ఆందోళన, దిగులు బాగా తగ్గాయి. ఐసీయూ బయట కారిడార్‌లో చాప పరుచుకుని, స్పీకర్‌లో ఎప్పుడు పేరు పిలుస్తారో అని గుండె అరచేతిలో పెట్టుకుని గడిపినవాళ్లకి ఈ ఫలితం వింతగా అనిపించదు. ఆ భార్యకి, ఆ కొడుక్కి తర్వాత నెలల తరబడి నిద్ర పట్టకపోవడం కూడా ఈ జబ్బులో భాగమే. దానికీ వైద్యులు పేరు పెట్టారు, 'పిక్స్ ఫ్యామిలీ' అని.

ఒక నోట్‌బుక్కు

మాయమైపోయిన రోజుల్లోకి నిజాన్ని తెచ్చిపెట్టడానికి స్వీడన్, డెన్మార్క్, నార్వే దేశాల నర్సులు ఒక చిన్న ఉపాయం కనిపెట్టారు. రోగి స్పృహలో లేని రోజుల్లో మంచం దగ్గర ఒక పుస్తకం ఉంచి, రోజూ నాలుగు ముక్కలు రాస్తారు. వైద్య భాషలో కాదు, ఆ మనిషితో మాట్లాడుతున్నట్టు. ఇంటివాళ్లూ రాస్తారు. ఫొటోలు అతికిస్తారు. కోలుకున్నాక ఆ పుస్తకం చేతికిచ్చి, పక్కన కూర్చుని వివరిస్తారు.

క్రిస్టీనా జోన్స్ బృందమే ఆరు యూరప్ దేశాల్లో 12 ఆస్పత్రుల్లో 352 మందితో దీన్ని పరీక్షించింది. 2010లో వచ్చిన ఫలితాల్లో, డైరీ అందుకున్నవాళ్లలో కొత్తగా పీటీఎస్‌డీ వచ్చినవాళ్లు నూటికి 5, అందుకోనివాళ్లలో 13. అయితే 2019లో ఫ్రాన్స్‌లో 35 ఐసీయూల్లో, 657 మందితో చేసిన పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి డైరీ రాస్తే చాలు, భయం పోతుంది అని ఎవరైనా అంటే నమ్మకండి. నా ఉద్దేశంలో గొప్పదనం పుస్తకంలో లేదు, దాన్ని పక్కన పెట్టుకుని ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడంలో ఉంది. ఖర్చు ముప్పై రూపాయల నోట్‌బుక్కు.

మన దగ్గర ఆస్పత్రి ఇవ్వకపోయినా ఇంటివాళ్లు రాయొచ్చు. కారిడార్‌లో గంటలు గంటలు ఊరికే కూర్చునేది మనమే కదా. 'మంగళవారం. ఇవాళ నీ గొంతులో పైపు ఉంది కాబట్టి మాట్లాడలేకపోయావు. పైపు లాగేసుకుంటావని చేతులు మెత్తటి గుడ్డతో కట్టారు. నేను చెయ్యి పట్టుకుంటే గట్టిగా నొక్కావు. బయట పెద్ద వాన. చిన్నోడికి లెక్కల పరీక్ష అయింది.' ఇంతే. ఈ నాలుగు వాక్యాల్లో కిడ్నాప్ కథకి సమాధానం ఉంది చూశారా? అప్పుడు రాయకపోయినా నష్టం లేదు. డిశ్చార్జి సమ్మరీ, ఫోన్‌లో చుట్టాలకి పంపిన వాట్సాప్ మెసేజీలు, తేదీలు ముందు పెట్టుకుంటే ఆ రోజులన్నీ మళ్లీ కూర్చొచ్చు.

ఆయన చెప్పినప్పుడు మాత్రం 'ఛ, అదేం లేదు, నీ భ్రమ' అని కొట్టిపారేయకండి. 'నీకు అలా అనిపించింది, భయం వేసే ఉంటుంది. ఆ రోజు అక్కడ జరిగింది ఇదీ' అని చెప్పండి. మొదటిదానితో నోరు మూతపడుతుంది, రెండోదానితో తెరుచుకుంటుంది.

డబ్బు సంగతి

మన ఇళ్లలో ఆందోళనకి ఇంకో మూలం ఉంది, విదేశీ అధ్యయనాల్లో అది అంతగా కనిపించదు. కాస్త తేరుకోగానే రోగి కళ్లు ఇంట్లో లేనివాటిని వెతుకుతాయి. భార్య మెడలో తాడు సన్నబడింది. ట్రాక్టర్ కనపడటం లేదు. అడిగితే 'అవన్నీ నీకెందుకు, ముందు నువ్వు కోలుకో' అంటారు. నాలుగు రోజులకి పరామర్శకి వచ్చిన పెద్దమనిషి ఒకరు 'పొలం పోతే పోయిందిలే, నువ్వు దక్కావు' అని అసలు సంగతి బయటపెడతాడు. (పరామర్శకి వచ్చేవాళ్ల గురించి విడిగా ఒక వ్యాసం రాయొచ్చు. 'మా బావమరిదికీ ఇదే వచ్చింది, ఆర్నెల్లకి పోయాడు' అని రోగి ముందే చెప్పే మహానుభావులు ప్రతి ఊళ్లో ఉంటారు.) తాను బతకడం వల్ల పిల్లలు నష్టపోయారన్న ఆలోచన మొదలైతే, మందులు మింగడం మీద కూడా ఆసక్తి పోతుంది. దాచడం కంటే, ఒంట్లో కాస్త ఓపిక వచ్చాక, ఎంతయింది, ఆరోగ్యశ్రీ ఎంత ఇచ్చింది, అప్పు ఎంత, ఎలా తీర్చాలనుకుంటున్నాం అని భార్యో కొడుకో చెబితేనే నయం. బయటివాళ్ల నోట వినేకంటే సొంతవాళ్ల నోట వినడం మేలు.

మన జిల్లా ఆస్పత్రుల ఐసీయూల్లో ఇంకొకరు కూడా ఉంటారు, పురుగుమందు తాగి వచ్చినవాళ్లు. చాలామంది పాతికేళ్లు నిండనివాళ్లు. ఆర్గానోఫాస్ఫేట్ మందులకి విరుగుడుగా అట్రోపిన్ ఎక్కిస్తారు. ప్రాణం నిలిపే మందే, కానీ మోతాదు ఎక్కువ అవసరమైనప్పుడు అదే తీవ్రమైన సంధిని తెస్తుంది. లేనివాళ్లతో మాట్లాడతారు, గాలిలో ఏదో ఏరుతుంటారు. ఇంటికెళ్లాక వీళ్లకి పీడకలలతో పాటు సిగ్గు కూడా తోడవుతుంది. అడిగేవాళ్లందరూ 'ఎందుకు తాగావ్?' అనే అడుగుతారు. ఐసీయూలో ఏమైందని ఎవరూ అడగరు. ఇలాంటివాళ్లని మానసిక వైద్యుడికి చూపించకుండా ఇంటికి తీసుకెళ్లకూడదు. అది ఐచ్ఛికం కాదు, మిగతా చికిత్స ఎంత ముఖ్యమో ఇదీ అంతే.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి?

మొదటి కొన్ని వారాలు నిద్ర సరిగా లేకపోవడం, ఊరికే కన్నీళ్లు రావడం, ఒంటరిగా ఉండలేకపోవడం మామూలే. నెల దాటినా పీడకలలు తగ్గకపోతే, ఆస్పత్రి పేరెత్తితే చెమటలు పడుతుంటే, ఎవరినీ కలవనంటుంటే, చిన్నదానికే విరుచుకుపడుతుంటే చూపించాలి. చచ్చిపోతే బాగుండేదన్న మాట వస్తే మాత్రం ఆ రోజే. సైకియాట్రిస్టు అనగానే 'ఎర్రగడ్డకా?' అని కంగారుపడేవాళ్లు ఇంకా ఉన్నారు. ప్రభుత్వ బోధనాస్పత్రుల్లో మానసిక వైద్య విభాగం ఓపీ ఉంటుంది, మామూలు చీటీ రాయించుకుని వెళ్లొచ్చు. అంత దూరం వెళ్లలేకపోతే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416 నంబరుకి ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. రోగే కాదు, రోగిని చూసుకుని అలసిపోయిన భార్య కూడా చేయొచ్చు.

ఒక జాగ్రత్త. గుండె దడ, ఆయాసం అన్నీ భయం వల్లే అని మనమే తేల్చేయకూడదు. వెంటిలేటర్ మీదున్నవాళ్లకి ఊపిరి కండరాలు బలహీనపడతాయి, నిజంగానే ఆయాసం వస్తుంది. ముందు ఫిజీషియన్ చూడాలి, ఆక్సిజన్ శాతం, గుండె చూపించుకోవాలి. అవి బాగున్నాయని తేలాకే మనసు సంగతి. అలాగే నిద్ర కోసం మెడికల్ షాపులో అడిగి ఆల్ప్రజోలం లాంటి మాత్రలు కొనేయొద్దు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లకి అవి ప్రమాదం, పైగా అలవాటు పడితే మానడం కష్టం.

మతిమరుపు గురించి కూడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. పైన చెప్పిన 821 మంది అధ్యయనంలో, ఏడాది తర్వాత పరీక్షిస్తే దాదాపు నాలుగో వంతు మంది జ్ఞాపకశక్తి, ఆలోచన తొలిదశ అల్జీమర్స్ రోగుల స్థాయిలో ఉన్నాయి. ఏటీఎం పిన్ మర్చిపోయినందుకు, కొట్టులో చిల్లర లెక్క తప్పినందుకు ఆయన తనమీద తానే కోప్పడుతుంటాడు. ఉద్యోగానికి వెళ్లేవాళ్లయితే మొదట్లో సగం పూటో, తేలిక పనో అడగడం మంచిది. లెక్కలు రాసిపెట్టుకోవడం, ఒకసారికి ఒకే పని చేయడం, రోజూ సాయంత్రం కాస్త నడవడం సాయపడతాయి.

ఇక ఆ నోట్‌బుక్కు. కొందరు ఇచ్చిన రోజే ఆసాంతం చదివేస్తారు. కొందరు ఆర్నెల్ల వరకూ ముట్టుకోరు, అట్ట చూస్తేనే చేతులు వణుకుతాయి. తొందర పెట్టకండి, ముఖ్యంగా వెంటిలేటర్ మీదున్న ఫొటోలు ఆయన అడిగేదాకా చూపించకండి. బీరువాలో ఫలానా అరలో ఉందని చెప్పి ఉంచండి. తీసిన రోజు మాత్రం పక్కన ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి, అడగడానికి ఆయన దగ్గర ప్రశ్నలుంటాయి.